శరత్కాలమున చేయదగిన క్షేత్రరక్షణ కార్యములు

(హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల పట్టాదారులకు)

వేరుశనగ పంట కల్లమునకు చేరిన పిమ్మట మన రైతులు కొంతకాలము విశ్రమించుట వాడుక. ఏరువాక మొదలు కోతవరకు దేహము, పశువులు, పనిముట్లు అన్నియు అలసియుండును గావున ఈ విశ్రాంతి న్యాయమైనదే. అయినను స్వాతికార్తె ప్రవేశించిన దినము మొదలు జ్యేష్ఠకార్తె ప్రవేశించు దినము వరకు, అనగా అక్టోబరు నాలుగవ వారము నుండి డిసెంబరు మొదటి వారము వరకు గల నలువది దినములు, ఈ సీమలో భూమిని బాగుచేసికొనుటకు సంవత్సరమున దొరకు మేలైన కాలము. ఇవి ఊరక గడచిపోయినచో మరల పండ్రెండు నెలలు వేచియుండవలసినదే.

ఇందుకు కారణములు రెండు. మొదటిది, నేల యింకను తడిగా నుండుట. మన ఎర్ర గరుసునేలలు తడి యున్నంతకాలము పారకు లొంగును. మార్గశిరము దాటిన పిదప రాతివలె బిగిసి గడ్డపారను సయితము త్రిప్పికొట్టును. రెండవది ఇంతకంటె ముఖ్యమైనది. వాననీరు నడచిన జాడలు ఈ కాలమున చేనిలో నింకను చెరగవు. ఎచ్చట గట్టు కారినది, ఎచ్చట మట్టి కోసికొనిపోయినది, ఎచ్చట ఇసుక మేటవేసినది, ఎచ్చట నీరు నిలిచి పైరు పసుపువన్నెకు తిరిగినది, ఈ సంగతులను నేలయే మనకు చూపును. సంక్రాంతి నాటికి గాలియు పశువుల గిట్టలును ఈ జాడలను తుడిచివేయును. అవి కనబడుచుండగనే చూచి, తగిన మరమ్మతు చేసికొనుడని చెప్పుటయే ఈ కరపత్రము యొక్క ఉద్దేశము.

1. మన సీమలో వర్షము యొక్క స్వభావము

అనంతపురము సీమకు సంవత్సరమున కురియు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరృతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. తూర్పు సముద్రము దూరమగుటచే ఈశాన్య మేఘములు మనకడకు వచ్చునప్పటికి బలహీనమగును. ఈ కొద్ది వర్షమైనను ఏడాది పొడవున సమముగా కురియదు. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో కొన్ని పెద్దవానలు, వాని నడుమ దీర్ఘమైన బెట్టలు, ఇదియే మన అనుభవము. 1876–78 సంవత్సరములనాటి మహాక్షామమును పెద్దలు ధాత కరువని తరతరములు చెప్పుకొనిరి. మరియొక వైపున 2021 నవంబరులో చిత్రావతి పొంగి పొలములను ముంచుటను మనమే చూచితిమి. కరువును వరదయు నొకే సీమలో నుండుట వింతకాదు. వచ్చిన నీటిని నిలుపుకొనలేని చోట రెండును వచ్చును.

ఒక లెక్కను చిత్తగింపుడు. ఒక ఎకరముపై ఒక మిల్లీమీటరు వాన కురిసినచో అది సుమారు 4,000 లీటర్ల నీరగును. 40 మిల్లీమీటర్ల వాన ఒక్క రాత్రి కురిసినచో ఒక ఎకరముపై పడిన నీరు 1,60,000 లీటర్లు. అందు నాలుగవ వంతు గట్టు తెగిన చోటునుండి వంకలోనికి పోయినచో, 40,000 లీటర్లు, అనగా 5,000 లీటర్లు పట్టు ట్యాంకర్లు ఎనిమిది, మన చేనినుండి వెడలిపోయినట్లే. చెట్లను బ్రతికించుకొనుటకు వేసవిలో ఒక ట్యాంకరు నీటిని రొక్కమిచ్చి కొనువారికి ఈ లెక్క సులభముగా బోధపడగలదు.

నీరు ఒంటరిగా పోదు, మట్టిని వెంటగొనిపోవును. ఒక ఎకరములో ఒక మిల్లీమీటరు మందము గల పైమట్టి కొట్టుకొనిపోయినచో దాని బరువు సుమారు 6 టన్నులు. కాగితమంత పలుచని పొర గనుక కంటికి కానరాదు. కాని మనము తోలిన ఎరువు, పైరు రాల్చిన ఆకు, నేలలోని సారము అన్నియు నా పొరయందే యున్నవి. మన ఎర్రనేలలు పెక్కుచోట్ల జానెడు రెండు జానల లోతు మాత్రమే. దాని క్రింద గరుసు, ఆ క్రింద బండ. ఇట్టి నేలకు పైమట్టి పోయిన నష్టము ఏ సంచి యెరువుచేతను తీరదు.

2. పూర్వులు కట్టినవి, కాపాడినవి

నీటిని నిలుపుకొను విద్య ఈ సీమకు క్రొత్తది కాదు. బుక్కపట్టణము చెరువును, దానికి దిగువనున్న ధర్మవరము చెరువును చిత్రావతి నీటిచే నిండునవి. హిందూపురము చెంతనున్న పరిగి చెరువు పెన్నానీటిచే నిండునది. 1388వ సంవత్సరపు శాసనమును బట్టి, ప్రతాప బుక్కరాయలు పెనుకొండను పాలించు కాలమున జలసూత్ర ప్రవీణుడగు సింగాయభట్టు హెన్నె అనబడు పెన్నానది నీటిని సిరువెర చెరువునకు కాలువగా తెచ్చెను. కడప సీమయందలి పోరుమామిళ్ల చెరువు శాసనము 1369వ సంవత్సరము నాటిది. చెరువునకు వలయు పండ్రెండు అంగములను, కలుగగూడని ఆరు దోషములను అందు వివరించిరి. వేయిమంది కూలివారును నూరు బండ్లును రెండు సంవత్సరములు పనిచేసిరని యందు చెప్పబడినది. ఆ ఆరు దోషములలో కట్టనుండి నీరు కారుట ఒకటి. ఆరువందల ఏండ్ల క్రిందట శిలపై చెక్కించిన ఆ మాట నేటికిని మన చేని గట్టునకు వర్తించును.

కట్టించుటతోడనే పూర్వులు ఊరకుండలేదు. చెరువు మరమ్మతునకై దశబంధమను మాన్యములను ఏర్పరచిరి. తూము తెరచి మూయుటకు నీరుగంటివారిని నియమించిరి. ఊరివారందరు కూడి పూడికతీయు కుడిమరామతు ఆచారమును నడపిరి. ఈ యేర్పాటులు సడలినచోట పెద్దచెరువులును పూడిపోయినవి.

మనకాలమునను కట్టినవి తక్కువ కాదు. గ్రామీణ ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లాలోని బండ్లపల్లియందే ఆరంభమాయెను. దానిక్రిందను, నీటిపరీవాహ పథకముల క్రిందను మన గ్రామములలో ఎన్నో గట్లు, ఊటకుంటలు, పంటకుంటలు ఏర్పడినవి. హంద్రీ-నీవా కాలువ శ్రీశైలమునుండి కృష్ణాజలమును ఈ సీమకు ఎత్తి తెచ్చుచున్నది. అయినను మెట్టచేలలో అధికభాగమునకు ఆకాశమే ఆధారము. పథకము కట్టించి పోవును. కాపాడు భారము పట్టాదారునిది. పది రూపాయల మట్టిపనితో నేడు మూయదగిన గండి, రెండేండ్లు విడిచినచో నూరు రూపాయలకును మూతపడదు.

3. మొదటి పని: చేని చుట్టును తిరిగి చూచుట

ఏ పనియైనను ఆరంభించుటకు పూర్వము రైతు తన చేని చుట్టును స్వయముగా తిరిగి చూడవలెను. జీతగానిని పంపి ఊరకుండరాదు. ఇరుగుపొరుగు పట్టాదారులను, వీలైనచో ఊరిలో ఆ భూమిని ఎరిగిన వృద్ధుని ఒకరిని వెంటగొనిపోవుట మంచిది. మీదిచేని నీరు ఏ దారిని మన చేనిలోనికి వచ్చుచున్నదో, మన నీరు ఏ దారిని దిగువచేనికి పోవుచున్నదో మొదట కనుగొనవలెను. ఈ క్రింది గురుతులను వెదకి, ఒక్కొక్కచోట ఒక కొయ్యమేకు పాతుకొనుడు.

(అ) గట్టు తెగిన చోట్లు, తెగుటకు సిద్ధముగా నున్న పలుచని చోట్లు.

(ఆ) ఎలుకలు, పీతలు, ఉడుములు చేసిన బొరియలు. గట్టునకు దిగువ ప్రక్కను తడి మరక యున్నచో లోపల బొరియ యున్నదని తెలిసికొనవలెను.

(ఇ) చేని నడుమ వ్రేలిలోతు చారలుగా నేల కోసికొనిపోయిన తావులు. నేటి చార వచ్చు సంవత్సరపు వాగు.

(ఈ) ఒండ్రు, ఇసుక మేటవేసిన మూలలు.

(ఉ) తెల్లని చౌడు పొర కనబడు తావులు, నీరు నిలిచి పైరు చెడిన పల్లములు.

ఈ గురుతులను ఒక కాగితముపై చేని పటము గీసి వ్రాసికొనుట యుక్తము. అక్షరజ్ఞానము గల పిల్లలచే ఈ పని చేయించినచో వారికిని తమ భూమి తెలియును. మూడేండ్ల పటములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో చేనిలో నష్టము ఎచ్చట మొదలగుచున్నదో స్పష్టమగును.

4. గట్ల మరమ్మతు

ఒకే వాలుమీద రెండు చేలున్నవనుకొనుడు. రెండింటికిని గట్లున్నవి. మీదిచేని గట్టు బారెడు మేర తెగినది. ఆ రైతు ‘వచ్చు ఏరువాకకు చూతము’ అని విడిచెను. మరుసటి యేడు ఉత్తరకార్తెలో పెద్దవాన కురిసినది. మీదిచేని నీరంతయు ఆ గండిలో నొకచో కూడి క్రిందిచేనిపై పడెను. దాని గట్టు బలమైనదే యైనను రెండుచేల నీటిని నిలుపజాలక తెగెను. ఒకని అశ్రద్ధ ఇరువురిని చెరచెను. ఊరిలో గట్టు తగవులకు పెక్కింటికి మూలమిదియే. కావున గట్ల పనిని వాలునకు మీదినుండి ఆరంభించి క్రిందికి దిగవలెను. ఒక వాలుమీదనున్న రైతులందరు ఒకే వారమున చేసికొనుట ఉత్తమము.

గండి మూయు విధమును గురించి మన రైతులు సాధారణముగా చేయు తప్పు ఒకటి కలదు. తెగినచోట బుట్టలతో మట్టి కుమ్మరించి పైన కాలితో నొక్కి విడిచెదరు. పాతమట్టియు క్రొత్తమట్టియు కలియక ఆ యతుకునందే మరల తెగును. సరియైన పద్ధతి యిది. తెగిన అంచులను గట్టిమట్టి తగులు వరకు మెట్లుమెట్లుగా చెక్కవలెను. అడుగున గడ్డి, వేళ్లు, రాళ్లు, ఇసుక లేకుండ తీసివేయవలెను. పిదప జానెడుకు మించని పొరగా మట్టి పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టి, ఆపైన మరియొక పొర వేయవలెను. మట్టి క్రుంగును గనుక పాతగట్టుకంటె ఎనిమిదవ వంతు ఎత్తు అదనముగా నుంచవలెను. మట్టిని గట్టునకు మీదిప్రక్కనుండి తీయుట మేలు. కాని గట్టు మొదటినుండి రెండడుగులు విడిచి, ముక్కలు ముక్కలుగా గుంటలు త్రవ్వి తీయవలెను. ఏకముగా త్రవ్వినచో అదియే కాలువయై నీటిని గట్టువెంట పరుగెత్తించును. బొరియలను పైనుండి పూడ్చిన ప్రయోజనము లేదు; చివరవరకు త్రవ్వి మరల కూరవలెను.

ప్రతి గట్టునకు మిగులునీరు పోవుటకు ఒక కలుజు అవసరము. కలుజు లేని గట్టు తనకు తానే కలుజు చేసికొనును. దానినే మనము గండి యందుము. గట్టు తలకంటె అడుగు తక్కువగా, గట్టినేల యున్నచోట, రాళ్లు పరచి కలుజు నేర్పరచి, నీరు దుముకు దిగువప్రక్కను పెద్దరాళ్లు పేర్చవలెను. మన చేలలో రాళ్లకు కొదువలేదు. దుక్కిలో తగులు రాళ్లను గట్టు మూలలో కుప్పవేయుటకు మారు ఈ పనికి వినియోగించినచో రెండు పనులగును. చిన్న వంకలకు అడ్డముగా రాతికట్టలు కట్టునపుడు నడుమ పల్లముగా, ప్రక్కలు ఎత్తుగా నుంచవలెను. లేనియెడల నీరు ప్రక్కగట్టును కోసికొని పోవును.

మరమ్మతైన గట్టును బోడిగా విడువరాదు. తడి ఆరకమునుపే గడ్డిదుబ్బులు నాటి, తొలకరిలో గ్లిరిసిడియా కొమ్మలు గాని మొక్కలు గాని వరుసగా పెట్టినచో వేళ్లు మట్టిని పట్టియుంచును. ఆ యాకు చేనికి పచ్చిరొట్ట యెరువగును.

5. పంటకుంట

పంటకుంట త్రవ్వించుకొనిన రైతులు నీరు తగ్గిన వెంటనే దాని లోతును కొలిచి చూడవలెను. పైన పది మీటర్ల చదరము, రెండున్నర మీటర్ల లోతు, ప్రక్కలు ఏటవాలుగా అడుగున ఐదు మీటర్ల చదరము గల కుంట సుమారు 1,45,000 లీటర్లు పట్టును. అడుగున అరమీటరు పూడిక చేరినచో అందు 15,000 లీటర్ల చోటు పోవును. కుంటలోనికి నీరు ప్రవేశించు దారిలో మూడడుగుల చిన్నగుంట యొకటి యుంచి, ఒండ్రు అందే దిగునట్లు చేసినచో పూడిక తగ్గును. ఆ గుంటను ఏటేట ఎత్తి, ఆ మట్టిని చేనికే మరల తోలవలెను. అది మన చేని సొత్తు.

ఎర్రనేలలో నీరు త్వరగా నింకిపోవును. నీరు ఇంకి బావికి చేరవలెనను తలంపుతో త్రవ్విన కుంటకు ఇది గుణము. పైరునకు తడి యియ్యవలెనను తలంపుతో త్రవ్విన దానికి దోషము. రెండవదానికి ఆరుపాళ్లు జల్లించిన మట్టి, ఒకపాలు సిమెంటు కలిపి రెండంగుళముల మందమున పూతవేయుట అనంతపురము వ్యవసాయ పరిశోధన స్థానమువారు చూపిన పద్ధతి. ఒక ఎకరమునకు 20 మిల్లీమీటర్ల తడి యిచ్చుటకు సుమారు 81,000 లీటర్లు చాలును. ఊడలు దిగిన వేరుశనగకు బెట్టకాలమున ఈ యొక్క తడి దొరకుటకును దొరకకుండుటకును గల భేదము, పంటకును పొట్టుకును గల భేదమే. కుంట చుట్టును ముండ్లకంచె తప్పక యుండవలెను. పిల్లలును పశువులును పడిన ఆపద పంటనష్టము కంటె గొప్పది.

6. బావులు, గొట్టపు బావులు

మన సీమ అడుగున నున్నది గట్టి రాయి. నీరు పగుళ్లలోను, పైనున్న శిథిలశిల పొరలోను మాత్రమే నిలుచును. ఇది అంతులేని సముద్రము కాదు, నింపిన కొలది యుండు కుండ. ఒక గొట్టపు బావి యెండినచో మరియొకటి, అదియు నెండినచో నింకొకటి వేయించి అప్పులపాలైన కుటుంబములను మనమెరుగుదుము. క్రొత్త బావికి వెచ్చింపదలచిన ధనములో కొంతభాగము గట్లపైనను, నీటిని ఇంకించు గుంటపైనను మొదట వెచ్చింపుడని మా మనవి.

గొట్టపు బావిలోనికి నీరింకించుటకై దాని చుట్టును ఆరడుగుల చదరమున, ఆరేడడుగుల లోతున గుంట త్రవ్వి, గొట్టమునకు సన్నని రంధ్రములు చేసి, వానిపై సన్నని వలను రెండు చుట్లు చుట్టి, అడుగున పెద్దరాళ్లు, నడుమ కంకర, పైన ఇసుక వేయవలెను. బురదనీటిని నేరుగా పంపరాదు. ముందు వేరొక గుంటలో తేరిన నీరే రావలెను. పశువుల కొట్టము నీరు గాని, పురుగుమందులు చల్లిన మడుల నీరు గాని ఇందులోనికి రానీయరాదు. ఆ బావినీరే మనము త్రాగువారము.

తెరచిన పాతబావులను చెత్తకుండిగా వాడుట మానవలెను. ఒడ్డురాళ్లు సడలియున్నచో తడికాలములోనే సరిచేయించి, పూడిక తీయించి, వంకనీరు తేరివచ్చునట్లు కాలువ కలిపినచో ఎండిన బావియు ఊటబావిగా పనిచేయును. విడిచిన గొట్టపు బావులకు ఇనుపమూత బిగించుట గాని, పూర్తిగా పూడ్చుట గాని ఒక్కదినమైనను ఆలస్యము చేయరాదు. పసిపిల్లల ప్రాణములు పోయిన దుర్ఘటనలు దేశమున పెక్కుచోట్ల జరిగినవి.

ప్రతి సోమవారమును త్రాటికి రాయి కట్టి తెరచిన బావిలో నీటిమట్టమును కొలిచి పుస్తకమున వ్రాయుడు. కార్తీకమున ఎన్ని మూరలలో నీరున్నదో తెలిసినచో, రెండవ పంటగా ఎన్ని సెంట్లు వేయవచ్చునో ఊహకు గాక లెక్కకు దొరకును. నీరు చాలక నడుమ నెండిన రెండెకరముల పైరుకంటె, చివరవరకు నిలిచిన ఎకరము పైరు లాభకరము. మోటారును, స్టార్టరు పెట్టెను బాగుచేయునపుడు విద్యుత్తు ఆపినదియు లేనిదియు స్వయముగా చూచుకొనవలెను. బిందుసేద్యపు గొట్టముల చివరలు తెరచి మట్టి కడిగివేయుటకును ఇదియే అదను.

7. చెరువును, పంట కాలువలును

చెరువు క్రింద ఆయకట్టు గలవారు మరువ, తూము, కట్ట యను మూడింటిని సంఘముగా పరీక్షింపవలెను. 1997వ సంవత్సరపు చట్టము నీటివినియోగదారుల సంఘములకు ఈ విషయమున అధికారమిచ్చినది. కట్టపై మొలచిన తుమ్మ, కానుగ మొదలగు చెట్లు చిన్నవిగా నున్నప్పుడే వేళ్లతో తీయవలెను. పెద్దవైన పిదప నరికినచో వేరు కుళ్లి లోపల సొరంగమగును. చెరువులోనికి నీరు వచ్చు వంకలను ఆక్రమించి సాగుచేసికొనువాడు తన చెరువును తానే ఎండగట్టుకొనుచున్నాడు.

చెరువు పూడికమట్టి ఎర్ర గరుసునేలలకు గొప్ప మందు. అందలి జిగట మన్ను తడిని నిలుపును. తోలుట వేసవి పనియైనను, ఎన్ని బండ్లు కావలెను, ఏ చేనికి తోలవలెను, ఏ మూలమట్టి మంచిది అను నిర్ణయము ఇప్పుడే చేయవలెను. చౌడు గల మట్టిని తోలరాదు. ముందుగా పిడికెడు మట్టిని భూసార పరీక్షకు పంపుడు.

8. కోత తరువాతి దుక్కి

వేరుశనగ పెరికిన వెంటనే, తడి యారకమునుపు, వాలునకు అడ్డముగా మడకతో గాని ట్రాక్టరుతో గాని నొకసాలు దున్నవలెను. దీనివలన మూడు లాభములు. మొదటిది, తరువాత వచ్చు అనూరాధ జల్లులు నేలలోనికి దిగును. రెండవది, కలుపు విత్తనమునకు రాకమునుపే చచ్చును. వయ్యారిభామను పూతకు ముందే పెరికివేయుట చాల ముఖ్యము. మూడవది, ఎర్రగొంగళి పురుగు యొక్క కోశములు బయటపడి పక్షులకు ఆహారమగును. ఈ కోశములు గట్ల ప్రక్కలను, చెట్లనీడలను మెండుగా నుండును గావున ఆ తావులను పారతోనైనను త్రిప్పవలెను. తడి మిక్కిలిగా నున్న చేలలో దున్నుట మాని ఉలవలు చల్లినచో మేతయు గింజయు దొరకును, నేలకు కప్పును దొరకును.

1930వ దశాబ్దమున షోలాపురము, బిజాపురము, నిజాము రాజ్యమందలి రాయచూరు, బళ్లారి చెంతనున్న హగరి, పంజాబునందలి రోహతక్ అను చోట్ల మెట్టసేద్యపు పరిశోధన స్థానములు నెలకొల్పబడెను. గట్లు కట్టి నీటిని నిలుపుము, తడిని దుక్కితో కాపాడుము, సాళ్లను ఎడముగా నుంచుము అనునవి ఆ కాలపు మెట్టసేద్య పరిశోధనల సారము. వచ్చు సంవత్సరము విత్తునపుడు వేరుశనగ సాళ్ల నడుమ 3.6 మీటర్ల కొకటి చొప్పున వాలునకు అడ్డముగా నీటిచాళ్లు తీయుటకు ఇప్పుడే గుంటకలు, మడకలు సిద్ధపరచుకొనుడు.

9. ఎరువు గుంటలు

పెంటదిబ్బను ఇంటిముందు కుప్పగా పోసి ఎండకు వానకు విడుచుట మన సీమలో ఎల్లెడల కనబడు నష్టము. ఎండ సారమును ఆవిరి చేయును. వాన మిగిలినదానిని కడిగివేయును. హోల్కరుల రాజధానియగు ఇందూరునందు 1924 మొదలు 1931 వరకు ఆల్బర్ట్ హోవర్డ్, యశ్వంత్ వాడ్ అను శాస్త్రజ్ఞులు చెత్తయు పేడయు పొరలుగా వేసి, తడిపి, త్రిప్పుచు మూడు నెలలలో మంచి యెరువు చేయు పద్ధతిని నిరూపించిరి. 1939లో బెంగుళూరున ఆచార్య గారు గుంటను బురదతో మూసి, త్రిప్పకయే మాగనిచ్చు పద్ధతిని ప్రకటించిరి. నీరును కూలియును కొరతగా నున్న మన ప్రాంతమునకు ఈ రెండవది తగినది.

చెట్టునీడను, నీరు నిలువని మెరకను, మూడడుగుల లోతు, ఆరడుగుల వెడల్పు, కావలసినంత పొడవు గల గుంటలు రెండు త్రవ్వుడు. అడుగున కందికట్టె, ఎండుటాకు, చెత్త ముక్కలు జానెడు వేసి, ఆపైన పేడనీరు, కొట్టములోని మూత్రము పీల్చిన మట్టి వేయుచు నేలకు అడుగున్నర ఎత్తు వరకు నింపి, బురదతో మెత్తవలెను. కార్తీకమున మూసిన గుంట ఏరువాకకు సిద్ధమగును. వేరుశనగ కట్టెను గుంటలో వేయరాదు. అది పశువులకు ఉత్తమమైన మేత.

10. మేత, విత్తనము, చెట్లు

వేరుశనగ కట్టె బాగుగా నెండిన పిదపనే వామి వేయవలెను. రాళ్లపై కట్టెలు పరచి, నేలకు అడుగు ఎత్తున, పైన వాలుగా వేసినచో స్వాతివానకు చెడదు. ఇంటికిని, విద్యుత్తు తీగెలకును దూరముగా నుండవలెను.

విత్తనపు కాయను కల్లమున ముద్దగా పోసి యుంచరాదు. చెట్లను కాయలు పైకి వచ్చునట్లు బోర్లించి ఆరబెట్టి, కాయను ఊపినచో గింజ గలగలలాడు వరకు ఎండింపవలెను. తేమ వందకు ఎనిమిది పాళ్లు మించినచో బూజుపట్టి అఫ్లటాక్సిన్ అను విషము పుట్టును. అట్టి కాయ మనుష్యులకును పశువులకును హానికరము. సంతలో ధర పోవుట వేరొక నష్టము. సంచులను గోడకు అడుగు ఎడముగా చెక్కబల్లలపై నిలిపి, విత్తువరకు కాయగనే యుంచవలెను.

హిందూపురము వైపున మల్బరీ తోటలు గలవారు పురుగుల పెంపకపు గదులను రెండు పంటల నడుమ సున్నముతోను, బ్లీచింగు పొడితోను శుద్ధిచేయవలెను. చింత, మామిడి, సీతాఫల వృక్షములకు మొదళ్ల చుట్టును పళ్లెములు చేసి, ఆకు కప్పినచో తడి మాఘము వరకు నిలుచును.

11. కార్తెల వారీ పని వరుస

స్వాతి: చేని పర్యటన, పటము, గురుతు మేకులు, కోసిన చేలలో దుక్కి, మేత వామి.

విశాఖ: మీదినుండి క్రిందికి గండ్లు మూయుట, బొరియలు త్రవ్వి కూరుట, కలుజులు.

అనూరాధ: పంటకుంట పూడిక, బావి ఒడ్డు, ఇంకుగుంట, ఎరువు గుంటలు నింపి మూయుట.

జ్యేష్ఠ ప్రవేశము: విత్తనము భద్రపరచుట, పనిముట్ల మరమ్మతు, వేసవి పూడికమట్టికై ఏర్పాటు, ఖర్చుల లెక్క.

ధనము చాలనివారు అన్నియు నొకేసారి చేయనక్కరలేదు. మొదట గండి, తరువాత కలుజు, ఆ తరువాత కుంట, చివర బావి. ఈ వరుసను మాత్రము తారుమారు చేయరాదు. గండి మూయక బావి త్రవ్వుట, చిల్లికుండను నింపబూనుట వంటిది. పని చేయు కూలివారికి తగిన కూలి ఇచ్చి, దగ్గరనుండి పొరపొరకు దిమ్మిస వేయించుడు. దాచిన కూలి తరువాత గండిరూపమున రెట్టింపుగా పోవును.

రైతులారా! మేఘమును పిలుచుట మన చేతిలో లేదు. వచ్చిన మేఘము విడిచిన నీటిని నాలుగు దినములు ఎక్కువగా మన చేనిలో నుంచుట మన చేతిలో నున్నది. బెట్టకాలమున ఆ నాలుగు దినములే పంటను నిలుపును. కార్తీక దీపము వెలుగుచుండగనే పార చేతబూని గట్టుమీదికి వెడలుడు. నేడు మీరు మూసిన గండి వచ్చు ఉత్తరకార్తెలో, మీరు నిద్రించు రాత్రియందు, మీ చేనిని కాచును.